ఒకే టెంట్, రెండు మాసిడోనియాలు

ఈమె గురించి నేను అప్పుడే రాసి ఉండాల్సింది. జరిగినవన్నీ వేడివేడిగా ఉన్నప్పుడే. కానీ అప్పుడు నాకు రాయడం రాదు. ఆ తర్వాత, అరవై దాటాక, ఈ అమెరికాలో, మా మనవరాలు ఆద్య చదివే శనివారం తెలుగు బడిలో, చిన్నపిల్లల కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. గుణింతాలు తొందరగానే వచ్చాయి. ఒత్తులు మాత్రం ఏడిపించాయి. ‘రాష్ట్రం’ అని తప్పు లేకుండా రాసిన రోజు ఇంట్లో పాయసం చేశాను. అందుకే ఇంత ఆలస్యం.

పోయిన వారం నా స్నేహితురాలు డాక్టరమ్మ ఫోన్ చేసింది.

“రాజమ్మా, యాయా పోయిందట. పార్సిప్పనీలో, వాళ్ళమ్మాయి దగ్గర. నిద్రలోనేనట.”

కళ్ళు తుడుచుకుంటూ సోఫాలో కూర్చున్నాను. కాసేపటికి చూస్తే నేను నవ్వుతున్నాను. మా అమ్మాయి కంగారుపడి, “అమ్మా, ఆర్ యూ ఓకే?” అని నీళ్ళు తెచ్చింది. ఏం చెప్పను? యాయాను తలుచుకుంటే దుఃఖం కన్నా ముందు హుషారు వస్తుంది. ఒంట్లో కరెంటు పెట్టినట్టు ఉంటుంది. ఆమె అలాంటి మనిషి.

యాయా అంటే గ్రీకు భాషలో అమ్మమ్మ, నాన్నమ్మ. అక్కడందరూ ఆమెను అలాగే పిలిచేవారు. మన పిల్లలకు పెద్దవాళ్ళందరినీ ఆంటీ అనడం అలవాటు కదా, వాళ్ళు ‘యాయా ఆంటీ’ అనేవారు. ఆమె అసలు పేరు ఇక్కడ రాయను. పేర్ల విషయంలో ఆమెకు ఎంత పట్టింపో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. ఒక్క దీర్ఘం అటూ ఇటూ అయినా పైనుంచి దిగి వచ్చి తిట్టగలదు.

మా తెలుగు బడికి సొంత చోటు లేదు. ఒక గ్రీకు చర్చి వాళ్ళ హాలు శనివారాలు అద్దెకు తీసుకునేవారు. పైన హాల్లో పిల్లల పద్యాలు, కింద బేస్‌మెంట్‌లో పెద్ద కిచెన్. ఆ కిచెన్ తాళాలు యాయా నడుముకు కట్టుకున్న ఏప్రన్ జేబులో ఉండేవి. పెళ్ళి భోజనమైనా, చావు తర్వాత వచ్చినవాళ్ళకు పోసే కాఫీ అయినా ఆమె తాళం తీస్తేనే పొయ్యి వెలిగేది. భర్త పోయాక ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉండేది కానీ అక్కడ నిద్రపోవడానికి తప్ప ఉండేది కాదు. “నా ఇల్లు ఇదీ,” అని ఆ స్టీలు బల్లను అరచేత్తో చరిచేది.

నేను ఆమెను మొదటిసారి చూసిన రోజు ఆద్యకు పట్టుపావడా కట్టి తీసుకెళ్ళాను. మెట్ల దగ్గర ఎదురైన ఈ నల్లబట్టల ముసలావిడ పిల్లను పైనుంచి కిందికి చూసి, బుగ్గలు పట్టుకుని, “ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ” అని మూడుసార్లు ఉమ్మినట్టు చేసింది. పక్కనున్న తల్లులు అదిరిపడ్డారు. ఒకామె టిష్యూ కోసం బ్యాగ్ వెతుకుతోంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అమెరికాలో కాలు పెట్టిన తర్వాత నా మనవరాలికి దిష్టి తీసిన మొదటి మనిషి ఆమె! నేను చేతులు తిప్పి మెటికలు విరిచి చూపించాను. అవునవునంటూ ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి, కిచెన్‌లోకి లాక్కుపోయింది. ఇక ప్రతి శనివారం నా చోటు అదే.

ఆమె ఇంగ్లీషు సగం, నా ఇంగ్లీషు పావు. మిగతాది చేతులతో. ఇక్కడ ఆమె మాటలన్నీ నేను నా తెలుగులో రాస్తున్నాను.

‘కాదు’ అనాలంటే ఆమె తల అడ్డంగా ఊపదు. గడ్డం పైకెత్తి, కనుబొమలు లేపి, నాలుకతో ‘చ్’ అంటుంది. అచ్చం మా ఆలేరులో బేరం కుదరనప్పుడు మేం అన్నట్టే. ఏదైనా గట్టిగా చెప్పాలంటే కాఫీ గరిటెతో బల్ల మీద కొట్టి, “రాసుకో!” అనేది.

“నాకు రాయరాదు యాయా.”

“అయితే గుర్తుపెట్టుకో. రాసుకున్నవాళ్ళు ఎలాగూ మరిచిపోతారు.”

ఆమెకు ఒక శత్రువు ఉండేవాడు. ఆయన కూడా ఆ కిచెన్‌లోనే ఉండేవాడు. టైల్స్ వేసే పని చేసి రిటైరయిన పొడుగాటి ముసలాయన. చర్చిలో నేల పగిలినా, గోడ బీటలిచ్చినా ఊరికే బాగుచేసి పెట్టేవాడు. పిల్లలు ఆయనను ‘టైల్స్ తాత’ అనేవారు. ఆయనది యాయా ఊరికి పక్క దేశం. ఒకే కొండకు ఈ వైపు ఆమె ఊరు, ఆ వైపు ఆయన ఊరు. మధ్యలో సరిహద్దు. ఆమె గ్రీసు దేశంలో ఉన్న మాసిడోనియా అనే ప్రాంతపు మనిషి. ఆయన దేశం పేరే మాసిడోనియా. ఇద్దరూ ‘నేను మాసిడోనియన్‌ని’ అంటారు. ఒకరంటే రెండోవాళ్ళు ఒప్పుకోరు. తన దేశం వాళ్ళ చర్చి చాలా దూరం కాబట్టి ఆయన ఈ గ్రీకు చర్చికి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. మిగతావాళ్ళు ఆయనను చూసీ చూడనట్టు పోయేవారు. యాయా ఒక్కతే ఆయనకు కాఫీ పోసి, కప్పు ఆయన ముందు పెడుతూనే మొదలుపెట్టేది.

“తాగు. గ్రీకు కాఫీ.”

“మా ఊళ్ళో దీన్ని టర్కిష్ కాఫీ అంటారు.”

“అందుకే మీ ఊళ్ళో అది బాగుండదు.”

నేను ఉల్లిపాయలు తరుగుతూ వినేదాన్ని. సగం అర్థమయ్యేది, అయినా ఎంత బాగుండేదో! గొంతులు లేచేవి, గరిటె మోగేది, ఆయన టోపీ తీసి బల్ల మీద కొట్టేవాడు. వాళ్ళ అసలు తగువు అలెగ్జాండర్ దగ్గరికి వచ్చేది. ఆ రాజు ఎవరివాడు?

“గ్రీకు మాట్లాడాడు. గ్రీకు దేవుళ్ళకు మొక్కాడు. గ్రీకు గురువు దగ్గర చదువుకున్నాడు. ఇంకేం కావాలి?” అని ఆమె.

“ఆయన మాసిడోనియా రాజు. నేను మాసిడోనియా వాణ్ణి. ఇంకేం కావాలి?” అని ఆయన.

ఒక శనివారం డాక్టరమ్మ కూడా కిందికి వచ్చింది. డాక్టరమ్మ అంటే వసుంధర గారు, తెనాలి ఆమె. ఎప్పుడో డెబ్బైల్లో వచ్చి ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరయ్యారు. బాతెల్ అనే ఈ ఊళ్ళో మా అమ్మాయి ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటారు. నాకు డ్రైవింగ్ రాదు, ఆమెకు మాట్లాడే తోడు లేకపోతే తోచదు. అలా జత కలిశాం. ఆ రోజు అలెగ్జాండర్ గొడవ మంచి ఊపులో ఉంది. నాకు ఇక నోరు ఆగలేదు.

“డాక్టరమ్మా, జర నా మాట ఇంగ్లీషుల చెప్పుర్రి వీళ్ళకు. గాయన మా దేశం మీదికి దండెత్తి వచ్చిండు గదా! ముందు ఎవరివాడో తేల్చుకోమనుర్రి. తేలినంక వాళ్ళను మేం అడిగేది ఉన్నది.”

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ చెప్పింది. ముందు టైల్స్ తాత గొంతు సవరించుకున్నాడు.

“సైన్యంలో గ్రీకులు కూడా ఉన్నారు.”

“నీ రాజే కదా!” అంది యాయా వెంటనే. “ఇప్పటిదాకా నీ రాజు అన్నావు. చెప్పు ఆమెకు జవాబు!”

“నువ్వు చెప్పు. గ్రీకు మాట్లాడాడన్నావుగా.”

నేను పడీపడీ నవ్వాను. తర్వాత ఇంకోటి వదిలాను. మా ఊరి నుంచి రైలెక్కితే దిగేది సికింద్రాబాదులో అనీ, అది సికందర్ అనే నవాబు పేరు మీద వచ్చిందనీ, సికందర్ అంటే వీళ్ళ అలెగ్జాండరేననీ. ఇది నాకు మా ఆయన చెప్పాడు, ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. డాక్టరమ్మ ఫోన్‌లో చూసి నిజమేనంది. యాయా గరిటె జారవిడిచింది.

“మీ దగ్గర ఆయన పేరుతో ఊరుందా? స్టేషన్ ఉందా? రైళ్ళు వస్తాయా?”

“దినమంతా వస్తయి.”

“రాసుకో!” అని టైల్స్ తాత మీద అరిచింది. “నీ దగ్గర ఎయిర్‌పోర్టుకు ఆయన పేరు పెట్టుకున్నారు, అదీ తీసేశారు. వీళ్ళ దగ్గర రైళ్ళు నడుస్తున్నాయి!”

“అయితే అలెగ్జాండర్ ఇప్పుడు ఈమెవాడు,” అన్నాడాయన నన్ను చూపిస్తూ. ఆ రోజు ఆయన మొదటిసారి నవ్వడం చూశాను.

యాయా ఊరుకోలేదు. “మీరిద్దరూ ఒకే భాష మాట్లాడతారు. ఒకే రాష్ట్రమా?”

అక్కడ చిక్కుకున్నాం. డాక్టరమ్మ, “ఇదివరకు ఒకటేనండీ, తర్వాత విడిపోయాం,” అంది.

“విడిపోయినం కాదు. మా రాష్ట్రం మేం తెచ్చుకున్నం,” అన్నాను నేను.

“తెచ్చుకోవడవేవిటి రాజమ్మా? హైదరాబాదులో మా వాళ్ళ చెమట లేదూ?”

“చెమట పట్టకపోతే ఫ్యాన్ ఏసుకోమనుర్రి.”

“అదిగో, అలా ఎగతాళి! ఇందుకే...”

“ఎందుకే?”

మేమిద్దరం అలా ఎంతసేపు వాదించుకున్నామో. తల తిప్పి చూస్తే యాయా, టైల్స్ తాత పక్కపక్కనే కూర్చుని, కాఫీ తాగుతూ, సినిమా చూస్తున్నట్టు మమ్మల్ని చూస్తున్నారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. “ఎవరు గెలుస్తున్నారు?” అని ఆయన ఆమెను అడగడం నాకు వినపడింది. “ఉల్లిపాయల ఆవిడ,” అందామె.

అయితే ఇదంతా వాళ్ళకు ఆట అనుకునేరు. ఒకసారి నేనడిగాను, ఇంత పట్టుదల ఎందుకు యాయా అని. ఆమె గరిటె పక్కన పెట్టింది.

“మా నాన్నమ్మ సముద్రం అవతల పుట్టింది. అక్కడి నుంచి తరిమేస్తే పిల్లల్ని చంకనేసుకుని పడవెక్కింది. ఆ ఊరి పేరు కూడా ఇప్పుడు మారిపోయింది, పోయి వెతికినా దొరకదు. ఆమెను దిగనిచ్చిన నేల పేరు మాసిడోనియా. మా దగ్గర మిగిలింది ఆ పేరొక్కటే. దాన్ని కూడా ఇంకొకడు తనదంటే?”

ఆయనను కూడా అడిగాను. నేల మీద కూర్చుని టైలు మధ్య సిమెంటు అద్దుతూ చెప్పాడు. “మా తాత పేరును ఏ రాజ్యం వస్తే ఆ రాజ్యం వాళ్ళు తమకు నచ్చినట్టు రాశారు. తోక మార్చారు, మొదలు మార్చారు. మీరు ఫలానా వాళ్ళు అని అందరూ మాకు చెప్పారు. మేం ఎవరమో మేం చెప్పుకున్న మాట ఒకటే ఉంది. అది చెప్పుకోవడానికి ఈమె పర్మిషన్ కావాలా?”

ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఇద్దరికీ అదే చెప్పాను. ఇద్దరూ గడ్డం పైకెత్తి ‘చ్’ అన్నారు.

ఇక ఆ సంవత్సరం ఏం జరిగిందంటే, ఆయన దేశం పేరు మారింది. గ్రీసు వాళ్ళు ఏళ్ళ తరబడి పట్టుబడితే, చివరికి ముందు ‘నార్త్’ అని తగిలించి ‘నార్త్ మాసిడోనియా’ అన్నారు. ఇద్దరూ సంతోషించలేదు! తన పేరుకు దిక్కు తగిలించారని ఆయనకు కోపం. ఏదో ఒక రూపంలో ఆ పేరు వాళ్ళకు ఇచ్చేశారని ఆమెకు కోపం. వారం రోజులు ఇద్దరూ ఎవరి దేశపు నాయకులను వాళ్ళు తిట్టుకున్నారు. అది నేను విన్న వాటిలో అతి శాంతమైన వారం.

ఆ వేసవిలో పక్క ఊరి పార్కులో అన్ని దేశాల పండుగ పెట్టారు. మా తెలుగు బడికి ఒక టెంట్. పులిహోర, మెహందీ. గ్రీకు చర్చి కమిటీ వాళ్ళు వేరే పెద్ద టెంట్ పెట్టి మాంసం కాలుస్తున్నారు. యాయా మాత్రం వాళ్ళతో చేరకుండా, ‘మాసిడోనియా వంటలు’ అని తనకు ప్రత్యేకంగా ఒక టేబుల్ కావాలని అడిగింది. టైల్స్ తాత కూడా తన తరఫున ‘మాసిడోనియా వంటలు’ అని అడిగాడు. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. పండుగ ఏర్పాట్లు చూసే అమ్మాయి చిన్నపిల్ల, పాపం. రెండూ ఒకటే అనుకుని ఇద్దరినీ ఒకే టెంట్‌లో వేసింది. మర్యాద తప్పకూడదని కంప్యూటర్‌లో సరైన పేరు కూడా వెతికి, పెద్ద బోర్డు ప్రింట్ చేయించింది.

నేను మా టెంట్‌లో పులిహోర కలుపుతుంటే ఆ చివరి నుంచి అరుపులు. చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తాను. టెంట్ కింద రెండు టేబుళ్ళు, రెండింటి మీదా పొరలు పొరలుగా కాల్చిన పాలకూర రొట్టెలు, మధ్యలో వీళ్ళిద్దరూ. పైన బోర్డు.

“నార్త్ అట! దిక్కు ఎవడు చెప్పమన్నాడు?” అని ఆయన.

“నేను నార్త్‌లో పుట్టలేదు. ఈ బోర్డు కింద నిలబడను!” అని ఆమె.

“అయితే వెళ్ళిపో.”

“నేను వెళితే మొత్తం నీదే అంటావు. నువ్వు వెళ్ళు.”

“నేను వెళితే నువ్వు అంటావు.”

ఇద్దరూ కదల్లేదు. ఇద్దరూ ఒక్కసారే తలెత్తి బోర్డును చూశారు. తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. యాయా టేబుల్ మీద పరిచే తెల్ల కాగితం చుట్టలోంచి ఒక ముక్క చింపింది. ఆయన జేబులోంచి టేపు తీశాడు. ఇద్దరికీ మోకాళ్ళు పనిచేయవు. కుర్చీ నా ముందు పెట్టారు.

నేనెక్కాను. నాకా బోర్డు మీద గీతలు తప్ప ఏమీ తెలియవు. “ఏ ముక్క మీద అంటియ్యాలె? వేలు పెట్టి చూపియ్యిర్రి,” అన్నాను. రెండు వేళ్ళు ఒకే చోటికి లేచాయి. వాళ్ళిద్దరూ ఒకే మాట మీదికి రావడం నేను చూసింది అప్పుడే. అంటించి దిగాను. ఇప్పుడు బోర్డు మీద ఉత్త ‘మాసిడోనియా’ మిగిలింది. ఇద్దరూ అది తమదేనని చూసుకుని తృప్తిగా తలాడించారు.

ఆ రోజంత సరదా రోజు నాకు అమెరికాలో ఇంకోటి లేదు! ఎవరూ టెంట్ వదలరు. నీళ్ళకు పోవాలన్నా, బాత్రూముకు పోవాలన్నా నన్ను పిలిచి తమ టేబుల్ దగ్గర నిలబెట్టి, “ఇతన్ని చూస్తుండు” అని ఆమె, “ఈమెను చూస్తుండు” అని ఆయన చెప్పి పోయేవారు. జనం తోసుకుంటూ వచ్చారు. బంగారు జుట్టు అబ్బాయి ఒకడు రెండు రొట్టెలూ తిని, “రెండూ ఒకేలా ఉన్నాయి, సూపర్!” అన్నాడు.

“నో!” అని ఇద్దరూ కలిసి వాడి మీద పడ్డారు. ఆమెది మెలిక తిప్పి చేసిందట. ఆయనది పొడుగుగా చుట్టిందట. ఆమె పాలకూరకు ఆయన ఉల్లికాడలు కలుపుతాడట. పాపం ఆ అబ్బాయి రెండు చేతులూ ఎత్తి క్షమాపణ చెప్పి, రెండు వైపులా ఇంకో రెండు కొనుక్కుని పోయాడు. సాయంత్రానికి ట్రేలు ఖాళీ. యాయా బుగ్గలు ఎర్రబడి, జుట్టు చెదిరి, పెళ్ళికూతురిలా ఉంది.

అప్పుడొచ్చాడు కమిటీ పెద్ద. పెద్ద రెస్టారెంట్ ఓనరు, మంచి షర్టు, చేతిలో కూల్‌డ్రింక్. బోర్డు చూశాడు. కాగితం చూశాడు. ముఖం మారిపోయింది. వాళ్ళు గ్రీకులో మాట్లాడుకున్నారు, డాక్టరమ్మ పక్కనున్న ఒక గ్రీకు పిల్లను అడిగి నాకు చెప్పింది.

“ఆ ఒక్క మాట పెట్టించడానికి మన దేశం ఎన్నేళ్ళు కొట్లాడింది, యాయా! మీరు దాని మీదే కాగితం అంటిస్తారా?”

“నేను నార్త్‌దాన్ని కాదు.”

“అతనితో ఒకే బోర్డు కింద రోజంతా నిలబడ్డారు. జనం ఏమనుకుంటారు?”

“నేను నిలబడకపోతే బోర్డు మొత్తం అతనిది అయ్యేది. నేను కాపలా కాశాను!”

“అంటిచ్చింది నేను సార్, నాకు సదువు రాదు,” అని నేను అడ్డం పోయాను. నా తెలుగు ఆయనకేం తెలుసు? నన్ను చూడను కూడా లేదు.

“రేపు ప్రార్థన సర్వీసు అయ్యాక కిచెన్ తాళాలు తెచ్చివ్వండి,” అని చెప్పి వెళ్ళిపోయాడు.

యాయా గరిటె కోసం చేత్తో బల్ల తడిమింది, అక్కడ గరిటె లేదు. ఖాళీ ట్రేలు ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. టైల్స్ తాత తన టేబుల్ దగ్గర నిలబడే ఉన్నాడు. ఆమె తాళాలు పోతే ఆమెకేం మిగులుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం నేను, డాక్టరమ్మ వెళ్ళాం. గిన్నెలు సర్దుకోవడానికి సాయం రమ్మని యాయా ఫోన్ చేసింది. సర్వీసు అయ్యాక అందరూ హాల్లో కాఫీలకు కూర్చున్నారు. ఆ రోజు కాఫీ ఎవరో కాచారు, పలచగా ఉంది. యాయా వచ్చి తాళాల గుత్తి కమిటీ పెద్ద ముందు బల్ల మీద పెట్టింది.

వెనక నుంచి కుర్చీ జరిపిన చప్పుడు. టైల్స్ తాత లేచాడు. ఆ రోజు సూటు వేసుకొచ్చాడు. ఎప్పటిదో, భుజాలు జారిపోతున్నాయి. ఆయన ఆ హాల్లో ఎన్నడూ నోరు విప్పిన వాడు కాదు. ఇంగ్లీషులో, తడుముకుంటూ, నాకు కూడా అర్థమయ్యేంత నెమ్మదిగా మాట్లాడాడు.

“నేను సాక్ష్యం చెప్పడానికి వచ్చాను. నిన్న పొద్దున్నుంచి ఈమె పక్కన ఉన్నాను. ఈమె నాకు ఏమీ వదల్లేదు. ఒకామె వచ్చి మీరు మాసిడోనియనా అని నన్నడిగింది. నేను అవునని చెప్పేలోపు ఈమె కాదని చెప్పింది. నేను బాత్రూముకు పోతే నా కస్టమర్లకు అలెగ్జాండర్ గురించి చెప్పి, వాళ్ళను తన వైపు తిప్పుకుంది. ఈమె నాకు స్నేహితురాలని మీరనుకుంటే అది అబద్ధం.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

“మీరంతా నన్ను చూసి ముఖం తిప్పుకుంటారు. ఈమె ఎన్నడూ తిప్పుకోలేదు. నా ముఖం మీదే, నువ్వు తప్పు అని చెబుతుంది. కాఫీ పోసి చెబుతుంది. మీ తరఫున నాతో పోట్లాడింది ఈమె ఒక్కతే. అలాంటి మనిషి దగ్గర్నుంచి మీరు తాళాలు తీసుకుంటున్నారు. అంతే.”

కూర్చున్నాడు. చర్చి ఫాదర్ కమిటీ పెద్దను చూశాడు. కమిటీ పెద్ద కాలర్ సవరించుకుని, ఒక వేలితో తాళాల గుత్తిని యాయా వైపు నెట్టాడు. తీసుకో యాయా, తీసుకో అని లోపల్లోపల అరుస్తున్నాను.

యాయా గడ్డం పైకెత్తింది. కనుబొమలు లేపింది. ‘చ్’.

“ఇతని సిఫారసు మీద వచ్చే తాళాలు నాకు వద్దు.” అని టైల్స్ తాత వైపు తిరిగి, “నా తరఫున మాట్లాడమని నిన్నెవరడిగారు?” అంది.

“నీ తరఫున కాదు. నిజం చెప్పాను.”

“నీకు నిజం ఎప్పుడు తెలుసు?”

ఆమె ఒక తలుపులోంచి, ఆయన ఇంకో తలుపులోంచి వెళ్ళిపోయారు. తాళాలు బల్ల మీదే ఉన్నాయి. వాటిని తాకడానికి ఎవరికీ ధైర్యం లేదు. కమిటీ పెద్ద కూడా అవి కరుస్తాయేమో అన్నట్టు చూస్తున్నాడు.

“ఇప్పుడేం చేద్దాం రాజమ్మా?” అంది డాక్టరమ్మ.

నేను పోయి గుత్తి తీసుకున్నాను. “యాయా గిన్నెలు ఉన్నయి లోపల. తీసుకుంటా,” అన్నాను. డాక్టరమ్మ ఇంగ్లీషులో చెప్పింది. కమిటీ పెద్ద బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలి, సరేనని తలూపాడు. గిన్నెలు ఆ రోజు తియ్యలేదు. గుత్తిని కొంగున ముడేసుకుని ఇంటికొచ్చాను.

మర్నాడు సోమవారం. పొద్దున్నే డాక్టరమ్మను లేపి కారు తియ్యమన్నాను. “ఇంత పొద్దున్నే ఎక్కడికి, ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?” అంటూనే చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. చర్చి దగ్గర ఒక్క కారు కూడా లేదు. బేస్‌మెంట్ తలుపుకు ఏ తాళంచెవో తెలియక అన్నీ పెట్టి చూశాను, ఆఖరిది పట్టింది. లైట్లు వేశాను. పొయ్యి వెలిగించాను. పిండి డబ్బా కిందికి దించి, స్టీలు బల్ల మీద ఇంత కుప్ప పోసి, డాక్టరమ్మ ఫోన్ తీసుకుని యాయాకు కలిపాను.

“యాయా, నేను కిచెన్‌లో ఉన్నాను. నీ రొట్టెలు చేస్తున్నాను. నీళ్ళు ఎన్ని పొయ్యాలి?”

అవతల నుంచి చెవి చిల్లు పడేలా అరుపు.

“నా పిండి ఎవరు ముట్టుకోమన్నారు? చెయ్యి తియ్యి! దేన్నీ ముట్టుకోకు! వస్తున్నా!”

ఫోన్ పెట్టేశాను. డాక్టరమ్మ గుమ్మంలోకి పోయి వీధి వైపు చూస్తూ నిలబడింది. నేను పిండిలో ఒక గ్లాసు నీళ్ళు పోసి, కాస్త ఆలోచించి, ఇంకో గ్లాసు పోశాను.